ఆపా చెప్పిన ఇల్లు

బీఎడ్ అయిపోయినంక ఎల్లారెడ్డిల ఒక చిన్న బడికి పని అడుగుతందుకు పోయిన. వానకాలం. నాలుగో తరగతి పిల్లల ముందర పాఠం చెప్పి చూపియ్యమన్నరు. పెద్దమేడం ఎనుక బెంచీల కూసున్నది. వాన ఎట్ల కురుస్తదో చెప్పిన. నీళ్లు ఆవిరి అయ్యేది, మబ్బు కట్టేది, అంతా ఇంగ్లీషులనే, ఎక్కడా తడబడకుంట చెప్పిననుకున్న. పిల్లలు ఆటకు పోయినంక మేడం నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మా, నీకు పెద్ద మాటలన్ని వస్తయి. ఎవాపరేషన్ అన్నవు, కండెన్సేషన్ అన్నవు. చిన్న మాటలే వస్తలేవు."

"చిన్న మాటలంటే ఏంది మేడం?"

"మబ్బు ఇన్ ద స్కై అనాలె. నువ్వు ఆన్ ద స్కై అన్నవు. లుక్ ఎట్ ద బోర్డ్ అనాలె. నువ్వు లుక్ టు ద బోర్డ్ అన్నవు. పిల్లలు నువ్వు ఏదంటే అదే పట్టుకుంటరు." ఆమె గొంతుల కోపం లేదు. "నేర్చుకోని వచ్చే జూన్ల మల్ల రా. చూద్దాం."

నేను ఇంటికొచ్చేసరికి బాపు పొలం కాడికెల్లి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నడు.

"ఏమైంది బిడ్డా?"

"ఇన్, ఆన్, ఎట్ సరిగ్గ వస్తలేవట బాపు."

"అయి ఎంతెంత ఉంటయి?"

"రెండేసి అక్షరాలు."

బాపు చెంబు కింద పెట్టి నా మొఖం దిక్కు చూసిండు. "గంతేనా? ఏండ్లకేండ్లు సదివిపిస్తిమి. రెండక్షరాలు నేర్పలేదా వాళ్లు?"

కామారెడ్డిల స్టేషన్ రోడ్డు మీద, బట్టల దుకాణం పైన, ఒక ముసలి సారు ఇంగ్లీషు మాట్లాడుడు నేర్పుతడని మా ఊరి పిల్ల ఒకామె చెప్పింది. మధ్యాహ్నం పూట ఒట్టి ఆడోళ్లకే క్లాసు. పొద్దుగాల ఇంటిపని అర్సుకోని, ఇంత బువ్వ తిని బస్సెక్కేది. మాపటికి మల్ల ఎల్లారెడ్డి.

ఆ బస్సు ప్రయాణాలు ఇప్పటికీ నా కండ్ల ముందర ఆడుతయి. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి చేతుల పెట్టేటోడు. నేను కిటికీ కాడ కూసునేదాన్ని. లింగంపేట దాటినంక టేకుచెట్లు తెల్లగ పూసి ఉండేటివి. సన్నజల్లు పడ్తుంటే ఆ తెలుపు కరిగి గాలిల కలిసినట్టు కనిపించేది. బస్సు ఊగుతుంటే నేను కనబడ్డ ప్రతిదానికీ దాని జాగ చెప్పుకుంట పోయేదాన్ని. బర్రె మీద కొంగ. తెలుగుల ముందుగల్ల బర్రె వస్తది, తర్వాత 'మీద' వస్తది, ఆఖరికి కొంగ వచ్చి నిమ్మలంగ వాలుతది. ఇంగ్లీషుల గట్ల కాదు. ముందు కొంగ వస్తది, ఎంటనే ఆన్ వస్తది, బర్రె ఇంకా రానే రాలేదు. నేను ఆన్ కాడ ఆగి మాట కోసం తండ్లాడుతుంటే కొంగ కాళ్లు కిందికి జార్చి గాలిల అట్లనే ఆగి ఉండేది, నేను ద బఫెలో అనే దాంక. అట్ల అనుకుంటనే కన్ను మూతపడేది. తాడ్వాయి కాడ బ్రేకు ఏస్తే మెలకువ వచ్చేది.

సారు రైల్వేల పని చేసి దిగిపోయిన మనిషి. తెల్ల లాల్చి, మెత్తటి గొంతు. మొదటి దినమే మమ్ముల ఇద్దరిద్దరిని జత చేసిండు. నా పక్కకు ఒక బుర్ఖా ఆమె వచ్చి కూసున్నది. నఖాబ్ ఎత్తి, చెమట తుడుచుకోని నవ్వింది. నాకంటే నాలుగైదేండ్లు పెద్దగ ఉంటది. పుట్టింది మాచారెడ్డిల, ఇచ్చింది కామారెడ్డిల. భర్త దుబాయిల కరెంటు పని చేస్తడు. 'వీసా దొరికితే తోలుకపోత, ఈడ చిన్నపిల్లల బడిల పని దొరుకుతది, ఇంగ్లీషు నేర్చుకో' అన్నడట. నేను ఆమెను ఆపా అన్న. ఆమె నన్ను చెల్లె అన్నది.

సారు ఒక ఆట పెట్టిండు. జతల ఒకరు తనకు తెలిసిన ఒక అర్రను ఇంగ్లీషుల చెప్పాలె. ఇంకొకరు పాత క్యాలెండరు కాయితం ఎనుక దిక్కు అది గియ్యాలె. చెయ్యి చూపియ్యద్దు, తెలుగు మాట్లాడద్దు.

"అమ్మా, ఇవి జాగ చెప్పే మాటలు" అన్నడు సారు. "జాగ తప్పితే వస్తువు దొరకది."

ముందు నేనే చెప్పిన. మా ఇంట్ల మంచం చెప్పిన, మంచం మీద పంకా చెప్పిన. ఆపా గీసి చూపించింది. మంచం నడుమ, మెత్త పక్కన, పంకా నిమ్మలంగ పండుకోని ఉన్నది.

"గిదేంది ఆపా?"

"నువ్వే గద ఆన్ ద కాట్ అన్నవు. నేను పండవెట్టిన."

క్లాసంతా నవ్వింది. సారు గూడ నవ్వి, తాకితే ఆన్, తాకకుంట పైన ఉంటే అబవ్ అని చెప్పిండు. ఆపా నా చెవుల అన్నది, "మా ఉర్దూల పర్ వేరే, ఊపర్ వేరే. మీరు రెంటికీ మీద అంటరు. నీ తప్పేం లేదు పో."

తర్వాత ఆపా వంతు. ఆమె కండ్లు సగం మూసుకోని మెల్లగ మొదలు పెట్టింది. దర్వాజ పక్కన నీళ్ల రంజన్. రంజన్ మీద పల్లెం, పల్లెం మీద గిలాస. లోపల రెండు కంబాల నడుమ ఉయ్యాల. వంటింటి పక్కకెల్లి పైకి మెట్లు. మెట్ల కింద కోళ్ల గూడు. ఒక్కొక్క వస్తువును తెచ్చి, దాని ముందర ఒక చిన్నమాట పెట్టి, అది సరిగ్గ కూసున్నదా లేదా అని చూసుకోని అప్పుడు ఇంకోదానికి పోయేది. నేను గీసుకుంట పోయిన.

ఆ ఇల్లు ఒక్క దినంల అయిపోలేదు. వారం వారం ఒక అర్ర వచ్చేది. మెట్లెక్కినంక ఒక మిద్దె అర్ర, దాంట్ల కిటికీకి ఆనుకోని మంచం. ఎనుక గోడకు ఆనుకోని జామచెట్టు, దాని కొమ్మలు గోడ దాటి పక్కింటోళ్ల వాకిట్లకు పోయినయి. కొమ్మల నడుమ నుంచి పొద్దుగాల చిల్కలు వస్తయి. అగెయిన్‌స్ట్, ఓవర్, త్రూ. సారు వేరే జతలను పిలిచి "ఈమె ఎట్ల చెప్తున్నదో ఇనుండ్రి" అనేటోడు. కింద వంటింటి పక్కపొంటి ఒక చిన్న అర్ర ఉన్నది, దాంట్ల నేలకు దగ్గరగ ఒక నులకమంచం. "ఇదెవరిది ఆపా?" అని అడిగితే "మా అత్తమ్మది, ఆమెతోని మెట్లెక్కుడు కాదు" అన్నది.

మాపటి బస్సుల నేను ఆ ఇంట్లనే ఉండేదాన్ని. దర్వాజల చెప్పులిడిచి, రంజన్ల నీళ్లు ముంచుకోని తాగి, ఉయ్యాలను ఒక్కసారి ఊపి మెట్లెక్కేది. మెట్ల కింద కోళ్లు కొక్కొక్కోమనేటివి. ఒకసారి నిజంగనే నిద్రల ఆ మిద్దె మీద ఒక మూసిన తలుపు కాడికి పోయిన. నెట్టితే రాలే. దాని అవతల ఏమున్నదో ఆపా ఇంకా చెప్పలేదు గదా అని నాకు కలలనే యాదికొచ్చి, తొందరేమున్నది అనుకోని అక్కడనే కూసున్న. కండ్లు తెరిస్తే బస్సు ఎల్లారెడ్డి బస్టాండుల ఆగి ఉన్నది, అందరు దిగిపోయిండ్రు, కండక్టరు "దిగుతవా అమ్మా" అంటున్నడు.

వానలు ఎనుకపట్టే దినాలల్ల ఆపా క్లాసుకు రాలేదు. ఫోన్ చేస్తే మోగుతున్నది, ఎత్తుతలేదు. వరుసగ కొన్ని దినాలు గట్లనే అయ్యేసరికి నాకు మనసు నిలవక, క్లాసు అయినంక ఆమె చెప్పిన గల్లీల పడి పోయిన. "జామచెట్టు ఇల్లు ఏడున్నది? పైకి మెట్లుంటయి" అని కిరాణం దుకాణంల అడిగిన. గీ గల్లీల జామచెట్టే లేదన్నరు. ఆమె భర్త దుబాయిల ఉంటడు, కరెంటు పని అని చెప్తే అప్పుడు చూపించిండ్రు.

ఒక్కటే వరుసల రేకుల అర్రలు. ఆఖరి అర్ర దర్వాజకు ఒక పాత చీర పరదా కట్టి ఉన్నది. పిలిస్తే ఆపానే బయటికొచ్చింది. జొరంతోని గుంజుకపోయి ఉన్నది.

"అరె, చెల్లె! రా, లోపలికి రా."

లోపల ఒక్కటే అర్ర. ఒక మూలకు పొయ్యి, ఒక మూలకు బట్టల పెట్టె, నడుమ మంచం. మంచంల వాళ్ల అత్తమ్మ, ఆపా అమ్మీ అని పిలిచేటామె, ఒత్తిగిలి పండుకున్నది. ఇంకోదిక్కు పోతందుకు తావు లేదు. నేను పెట్టె మీద కూసున్న. కూసోని, నాకు తెల్వకుంటనే గోడల దిక్కు చూస్తున్న.

ఆపా నా చూపు పట్టుకున్నది.

"కోపమొచ్చిందా?"

"లేదు ఆపా."

"మరి ఏం చూస్తున్నవు?"

"మెట్లు ఏడున్నయా అని."

ఆమె నవ్వింది. దగ్గొచ్చి, ఆగి, మల్ల నవ్వింది. "చెల్లె, నా ఇల్లు చెప్పుడు మొదలు పెడితే ఎట్ల ఉంటదో ఇను. పొయ్యి ఇన్ ద రూమ్. పెట్టె ఇన్ ద రూమ్. మంచం ఇన్ ద రూమ్. అమ్మీ ఇన్ ద రూమ్, నేను ఇన్ ద రూమ్. అయిపాయె. ఒక్క ఇన్ తోని ఇల్లంత అయిపోయింది. మిగిలిన మాటలన్ని ఏడ పెట్టాలె నేను? గందుకే ఇల్లు పెంచిన. సారు అబవ్ చెప్పిన దినం మిద్దె ఎక్కిచ్చిన. బిట్వీన్ చెప్పిన దినం ఉయ్యాల కట్టిన."

మంచంల ముసలామె కదిలింది. ఆమెకు మా మాటలు సగం అర్థమైనట్టున్నది. తెలుగుల, జర ఉర్దూ కలిపి అన్నది: "రోజు మాపటికి నాకు గూడ చెప్తది బిడ్డా ఆ ఇల్లు. నేనే అన్న, నాకు గూడ ఒక అర్ర పెట్టవే, గాని కిందనే పెట్టు, మోకాళ్లు లేవు అని. పెట్టింది. వంటింటి పక్కకే పెట్టింది, మంచిగ. ఆడికి చాయ్ జల్ది వస్తది."

ముగ్గురం నవ్వినం. నవ్వినంక నాకు ఏడుపొచ్చినట్టయింది. మోసపోయిన అని కాదు. ఇన్ని నెలలు తిరిగిన ఇంటికెల్లి నన్ను ఎవరో మెల్లగ చెయ్యిపట్టి బయటికి తెచ్చి దర్వాజ మూసినట్టు అనిపించింది.

"జామచెట్టు గూడ లేదా ఆపా?"

"అది ఉండె." ఆపా గొంతు తగ్గింది. "మాచారెడ్డిల మా అమ్మోళ్ల ఇంట్ల. గోడకు ఆనుకోనే ఉండె, చిల్కలు నిజంగనే వచ్చేటివి. మా అన్నలు వాటాలు పంచుకున్నప్పుడు కొట్టేసిండ్రు."

పోయేటప్పుడు ఆమె నా చేతుల ఒక గిలాస చాయ్ పెట్టింది. తాగుకుంట నేను సారు ఆ వారం చెప్పినయి ఆమెకు చెప్పిన. గుడ్ ఎట్ అనాలె, గుడ్ ఇన్ కాదు. అఫ్రైడ్ ఆఫ్. మ్యారీడ్ టు, విత్ కాదు.

"టు నా?" అన్నది ఆపా. "విత్ అంటే కల్సి ఉన్నట్టు గదా. టు అంటే ఆ దిక్కుకు పోతున్నట్టు." కొంచెంసేపు పరదా దిక్కు చూసింది. "నాకు టు నే కరెక్టు."

జొరం తగ్గి ఆమె మల్ల క్లాసుకు వచ్చింది. ఇంటి సంగతి నేను క్లాసుల ఎవరికీ చెప్పలేదు, ఆమె గూడ ఆ ఇల్లు ఆపలేదు. గాని ఒక దినం క్లాసు అయినంక మెట్లు దిగుకుంట అన్నది, "గోడలున్న మాటలు అయిపోయినయి చెల్లె. ఎలాంగ్, అక్రాస్, టువర్డ్స్ అంటున్నడు సారు. అవి అర్రల పట్టవు. నేను ఏండ్ల సంది గీ గల్లీ, గీ రోడ్డు తప్ప చూడలే."

"అయితే మా దిక్కు రా" అన్న.

చలి మొదలైన ఒక ఆదివారం ఆమె వచ్చింది. అత్తమ్మను పక్కింటామెకు అప్పజెప్పి, మొదటి బస్సుకే ఎల్లారెడ్డిల దిగింది. మా అమ్మ జొన్నరొట్టె చేసి పెట్టింది. బాపు ఆమెను చూసి, ఏం మాట్లాడాలెనో తోచక, "నీగ్గూడ రెండక్షరాలే తక్కువైనయా బిడ్డా" అన్నడు. ఇద్దరం అక్కడికెల్లి నిజాంసాగర్ బస్సెక్కినం.

ఆ ఏడు వానలు మంచిగ పడ్డయి. కట్ట ఎక్కేసరికి నీళ్లు ఆకాశం దాంక ఉన్నయి. ఏడ నీళ్లు ఆగినయో, ఏడ మబ్బు మొదలైందో తెలుస్తలేదు. గాలి గట్టిగ వస్తున్నది. ఆపా నఖాబ్ ఎత్తేసింది. కట్టపొంటి నడుస్తుంటే ఆమె బుర్ఖా గాలికి నిండి, మల్ల ఖాళీ అయి, మల్ల నిండుతున్నది. తర్వాత కలల మాట్లాడినట్టు ఒక్కొక్కటే అన్నది.

"వి ఆర్ వాకింగ్ ఎలాంగ్ ద వాటర్."

తెల్లపిట్టల గుంపు ఒకటి ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు పోయింది.

"అక్రాస్" అన్నది. "అక్రాస్ ద వాటర్."

గాలి ఆమె చేతి బట్టలకెల్లి దూరి మెడ కాడ బయటికొస్తున్నది. "త్రూ" అని నవ్వింది.

దూరంగ ఒక తెప్ప మా దిక్కు వస్తున్నదో పోతున్నదో తెల్వకుంట నిలబడి ఉన్నది. దాన్ని చూసుకుంట ఇద్దరం రాయి మీద కూసున్నం. టువర్డ్స్ అనాలెనా, అవే ఫ్రమ్ అనాలెనా అని కొట్లాడినం. తేలకముందే తెప్ప ఎండ మెరుపుల కలిసిపోయింది.

"ఆయన ఎప్పుడు వస్తడు ఆపా?"

"రమ్జాన్‌కు అంటున్నడు."

"రమ్జాన్‌కు అంటే ఇన్ నా, ఆన్ నా?"

ఆమె చేతి ఏళ్లు ముడుచుకోని ఆలోచించింది. "నెల గాబట్టి ఇన్. పండుగ దినమైతే ఆన్. ఇన్ అయితేనే మంచిగుంటది. ఆన్ అంటే ఒక్క దినమే గద." తర్వాత నీళ్ల దిక్కు చెయ్యెత్తి చూపించింది. "చెల్లె, అక్రాస్ అంటే ఆ ఒడ్డు. ఆ ఒడ్డు గూడ దాటి, ఇంకా అవతల, కండ్లకు కనబడని కాడ ఉంటే ఏమంటరు?"

నాకు తెల్వలే. ఇద్దరం ఆ మాట లేకుంటనే చాలాసేపు అటు దిక్కు చూసుకుంట కూసున్నం. మల్ల వారం సారు చెప్పిండు, బియాండ్ అని. ఆపా దాన్ని నోట్లనే రెండుసార్లు అనుకున్నది.

జూన్ల నేను ఎల్లారెడ్డి బడికి మల్ల పోయిన. పెద్దమేడం ఈసారి గూడ ఎనుక బెంచీలనే కూసున్నది. "ఈ చిన్న మాటల పాఠమే చెప్పు" అన్నది. నేర్చుకున్న సూత్రాలన్ని ఎటో పోయినయి. పిల్లలు నన్నే చూస్తున్నరు. ఏం తోచక, "రాత్రి మీరు ఏడ పండుకున్నరు?" అని అడిగిన. ఒకామె వాళ్లవ్వ పక్కన అన్నది. ఒకడు డాబా మీద, ఇంకొకడు దోమతెర లోపల, ఒక పిల్ల వాళ్ల అమ్మకు, తమ్మునికి నడుమ. ఒక్కొక్కరి మాటకు ఇంగ్లీషు మాట అందిచ్చుకుంట పోయిన. బడి గంట కొట్టే దాంక వాళ్లు ఆగలే, వాళ్ల బర్రెలు, మేకలు, సైకిల్లు అన్నీ ఏడేడ పండుకున్నయో చెప్పిండ్రు.

ఆఖరికి పిల్లలతోని "వి విల్ డిస్కస్ అబౌట్ ఇట్ టుమారో" అన్న.

"డిస్కస్ ఎనుక అబౌట్ అక్కర్లేదు" అని మేడం నవ్వింది. "రేపు పొద్దుగాల రా. పిల్లలకు నువ్వు నచ్చినవు."

రమ్జాన్‌కు ఆయన రాలే. ఆపా వీసా మాట ఆ ఎండకాలమంతా నడిచింది. కాయితాలు వచ్చినయి గూడ. గాని అత్తమ్మ మంచం దిగలేని కాలమొచ్చింది. ఆమెను ఏడ ఇడిచిపెట్టాలె అని ఆపా తనే వద్దన్నది. భర్తతోని ఫోన్ల కొన్ని దినాలు మాటలు లేవు. తర్వాత ఆయనే అన్నడట, సరే, ఇంకో రెండేండ్లు చేసి నేనే వచ్చేస్త అని. ఆ సంగతి ఆమె ఫోన్ల చెప్పిన దినం నేను మా బడి పిల్లల ముచ్చట్లు చెప్పుకుంట పోయిన. ఆమె ఇనుకుంట పోయింది. ఎవరం పెట్టెయ్యలే.

ఆ నడుమనే సారుకు కండ్లు మసకలు పడ్డయి. ఆడోళ్ల క్లాసు నువ్వు చెప్పు అని ఆపాకు అప్పజెప్పిండు. ఆమె భయపడింది, రెండు దినాలు నిద్రపోలేదట, తర్వాత పోయి చెప్పింది.

మొన్న బడికి సెలవుంటే కామారెడ్డి పోయి, ఆపాకు చెప్పకుంటనే ఎనుక బెంచీల కూసున్న. మధ్యాహ్నం ఎండ కిటికీలకెల్లి పడ్తున్నది, కింద దుకాణంల కొత్త బట్టల వాసన పైకొస్తున్నది. నన్ను చూసి కండ్లతోనే నవ్వి, పాఠం ఆపలే. ఒక పెద్దామె లేచి అడిగింది.

"మేడం, వెయిట్ ఎనుక ఫర్ ఎందుకు? ఐ యామ్ వెయిటింగ్ మై సన్ అంటే అర్థం కాదా?"

"అర్థమైతది అక్కా." ఆపా చాక్‌పీసుతోని బోర్డు మీద ఫర్ అని రాసింది. "గాని ఫర్ పెడితేనే ఎవరి కోసమో వాళ్లకు అందుతది. లేకుంటే ఊకె నిలబడ్డట్టే."

ఆ పెద్దామె తల ఊపి, పెదిమలు కదుపుకుంట రాసుకున్నది. అందరు రాసుకున్నరు. కింద రోడ్డు మీద ఎవడో పండ్ల బండోడు అరుసుకుంట పోతున్నడు.

క్లాసు అయినంక ఇద్దరం చాయ్ తాగినం. అమ్మీ ఎట్లున్నది అంటే, తింటున్నది, తిడుతున్నది, మంచిగనే ఉన్నది అన్నది. ఎండ జర తగ్గినంక బస్టాండుకు నడిచినం. ఎల్లారెడ్డి బస్సు ఇంకా రాలే. నువ్వు పో ఆపా, నీకు ఆలస్యమైతది అన్న.

"రానీ" అని ఆమె నా పక్కనే నిలబడ్డది.